రాజుగారి నత్తి పోలేదు, మైకూ వదల్లేదు

ఈరోజు టాపిక్ మాట. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, చెప్పాలనుకున్న మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఇరుక్కుపోవడం. మన భాషలో నత్తి. కొంతమంది ఈ పదం వద్దంటారు, వెక్కిరించినట్టు ఉంటుందని. నాకైతే ఈ పదమే కావాలి. చిన్నప్పుడు నన్ను ఏడిపించినవాళ్ళు వాడింది ఇదే, దీన్ని వాళ్ళకే వదిలేయడం నాకిష్టం లేదు.

అవును, నాకు నత్తి ఉంది. పాత ఎపిసోడ్లు చూసినవాళ్ళు "బ్రో, ఇన్ని జంప్ కట్స్ ఎందుకు?" అని అడుగుతుంటారు. చాలామంది అది స్టైల్ అనుకున్నారు. మాట ఆగిన చోటల్లా కట్ పడింది, అంతే. ఈ ఎపిసోడ్‌లో మాత్రం ఒక్క కట్ కూడా లేదు. ఎక్కడైనా నేను రెండు మూడు సెకన్లు నోరు తెరుచుకుని ఆగిపోతే మీ నెట్ స్లో అయిందనుకోకండి. చదువుతున్నవాళ్ళకి ఆ ఇబ్బంది లేదు. ట్రాన్స్‌క్రిప్ట్‌లో నేనెప్పుడూ గడగడా మాట్లాడతాను.

సరే, వంద సంవత్సరాలు వెనక్కి వెళ్దాం.

1925 అక్టోబర్ 31. లండన్‌లోని వెంబ్లీ. బ్రిటిష్ సామ్రాజ్య ఎగ్జిబిషన్ ఆఖరి రోజు. ముగింపు ప్రసంగం చేయాల్సింది రాజు ఐదో జార్జ్ రెండో కొడుకు. బిరుదు డ్యూక్ ఆఫ్ యార్క్, ఇంట్లో పిలిచే పేరు బెర్టీ. వయసు 29. అంటే దాదాపు నా వయసే. ఎదురుగా స్టేడియం నిండా జనం, ముందు మైకు. ఆ మాట లౌడ్‌స్పీకర్లలో, రేడియోలో కూడా వెళ్తుంది. ఆయన ప్రసంగం మొదలుపెట్టాడు. మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు. దవడ కదులుతుంది, శబ్దం రాదు. మొత్తానికి పూర్తి చేశాడు, మధ్యలో వదిలేసి పోలేదు. కానీ విన్నవాళ్ళకీ నరకమే, చెప్పినాయనకీ నరకమే.

ఈయనే తర్వాత ఆరో జార్జ్ అయ్యాడు. మన తాతల కాలంలో రూపాయి బిళ్ళ మీద ఉన్న తల ఈయనదే. 1947 దాకా మన మీద కూడా చక్రవర్తి. 2010లో వచ్చిన "ది కింగ్స్ స్పీచ్" సినిమా ఈయన గురించే. సినిమా బాగుంటుంది, నేను నాలుగుసార్లు చూశాను. ఆ కథ రాసిన డేవిడ్ సైడ్లర్‌కి కూడా చిన్నప్పుడు నత్తి ఉండేది. రాజుగారి భార్య, అంటే అప్పటికి రాజమాత, "నేను బతికి ఉండగా వద్దు" అని కోరితే ఆగాడు. ఆవిడ 2002లో చనిపోయాకే ఆ కథని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఆస్కార్ వచ్చింది. కానీ సినిమా చూసి బయటికొచ్చినవాళ్ళలో చాలామంది ఒకటే అనుకుంటారు: ఒక మంచి మాస్టారు దొరికాడు, రాజుగారి నత్తి పోయింది. అసలు జరిగింది అది కాదు. ఆయన నత్తి ఎప్పటికీ పోలేదు. మరి ఏం మారింది? ఈరోజు మనం చూడబోయేది అదే.

ముందు ఒక విషయం గమనించండి. బెర్టీ తాతకో ముత్తాతకో ఇదే నత్తి ఉండి ఉంటే దేశానికి తెలిసేదే కాదు. రాజు అంటే గుర్రం మీద కనబడితే చాలు, ఆయన గొంతు వినేది దర్బారులో ఉన్న పిడికెడు మంది. బీబీసీ మొదలైంది 1922లో. 1924లో ఇదే వెంబ్లీ నుంచి ఐదో జార్జ్ గొంతు మొదటిసారి రేడియోలో వినిపించింది. ఒక్క రెండేళ్ళలో రాజుల ఉద్యోగానికి జాబ్ డిస్క్రిప్షన్ మారిపోయింది. ఇక మీదట రాజు మాట్లాడాలి, అదీ లైవ్‌లో, రీటేక్ లేకుండా. పాపం బెర్టీ సరిగ్గా ఆ టైమ్‌కి దొరికిపోయాడు. ఫోన్లు వచ్చినప్పుడు నత్తి ఉన్నవాళ్ళకి జరిగింది ఇదే, మొన్న కోవిడ్‌లో అందరూ వీడియో కాల్స్‌లోకి వెళ్ళినప్పుడు మాలాంటివాళ్ళకి జరిగిందీ ఇదే. ముఖం ఎదురుగా ఉంటే అవతలివాడు ఆగుతాడు. కాల్‌లో రెండు సెకన్లు ఆగితే "హలో, హలో, వినబడట్లేదు" అంటాడు.

బెర్టీ చిన్నతనం చూస్తే జాలేస్తుంది. పుట్టుకతో ఎడమచేతి వాటం, బలవంతంగా కుడిచేత్తో రాయించారు. మోకాళ్ళు లోపలికి వంగి ఉన్నాయని కాళ్ళకి చెక్కలు కట్టారు, ఆ నొప్పితోనే పడుకోవాలి. తండ్రి కోపిష్టి. ఏడెనిమిదేళ్ళకే నత్తి గట్టిపడిపోయింది. పదమూడేళ్ళకి ఆస్బర్న్ అనే నేవీ స్కూల్లో వేశారు. అక్కడ ఒకసారి లెక్కల క్లాసులో "సగంలో సగం ఎంత?" అని అడిగారు. జవాబు "క్వార్టర్". (ఆ క్వార్టర్ కాదు, కూర్చోండి.) పిల్లాడికి జవాబు తెలుసు. కానీ ఆ మొదటి "క్వ" శబ్దం గొంతులో నుంచి బయటికి రాదు. నిలబడి ఉండిపోయాడు. మొద్దు అని లెక్కేసేశారు. ఆ స్కూల్ ఫైనల్ పరీక్షలో 68 మందిలో ఆయన ర్యాంకు 68. అన్నీ తెలిసే ఫెయిలయ్యాడని నేననను, ఏదీ రాక ఫెయిలయ్యాడని మాత్రం నమ్మను.

నత్తి ఉన్నవాళ్ళు ఎలా బతుకుతారో లేనివాళ్ళకి తెలియదు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. బయటికి కనబడే నత్తి సగం కూడా కాదు. అసలు పని లోపల జరుగుతుంది. ఒక వాక్యం నోట్లోంచి వస్తుండగానే మూడు మాటలు ముందుకి చూసుకుంటూ పోవాలి, ఎక్కడ గుంత ఉందో అని. గుంత కనబడగానే వేరే మాట వెతుక్కోవాలి. "నీళ్ళు" రాదనుకుంటే "వాటర్", అదీ రాదనుకుంటే దాహం వేయనట్టు ఊరుకోవడం. నాకు క అక్షరం కష్టం. హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో కూకట్‌పల్లిలో ఉండేవాణ్ణి. అమీర్‌పేట్‌లో బస్సెక్కితే కండక్టర్‌కి "మియాపూర్" అని చెప్పి టికెట్ తీసుకునేవాణ్ణి. మియాపూర్ ముందుకి ఉంటుంది, టికెట్ ఎక్కువ. మధ్యలో కూకట్‌పల్లిలో దిగిపోయేవాణ్ణి. ఆ ఏడాది నత్తికి నేను కట్టిన పన్ను అది.

ఆరో జార్జ్‌కి కూడా ఇవే అక్షరాలు కష్టం. క, గ లాంటి గట్టి శబ్దాలు. ఆయనకి అన్నిటికంటే పెద్ద సమస్య ఏ మాటో తెలుసా? కింగ్. తండ్రి గురించి ప్రసంగంలో చెప్పాల్సి వస్తే "ది కింగ్" అనడానికి బదులు "హిజ్ మెజెస్టీ" అనేవాడు. విన్నవాళ్ళు ఎంత మర్యాదో అనుకుని ఉంటారు. నాకు మాత్రం అది మియాపూర్ టికెట్‌లా కనిపిస్తుంది.

మరి వైద్యం? నత్తికి వైద్యం చరిత్ర చూస్తే, ప్రతి కాలంలోనూ మనిషి శరీరంలో ఒక నేరస్థుణ్ణి పట్టుకున్నారు. గ్రీకుల డెమొస్తనీస్ కథ అందరికీ తెలిసిందే: నోట్లో గులకరాళ్ళు పెట్టుకుని, సముద్రపు హోరు మీదుగా అరిచి, గొప్ప వక్త అయ్యాడని. ఆ కథ మనకి ముఖ్యంగా ప్లూటార్క్ రాసిన జీవితచరిత్ర నుంచి వచ్చింది. డెమొస్తనీస్ చనిపోయింది క్రీస్తుపూర్వం 322లో, ప్లూటార్క్ రాసింది సుమారు నాలుగు వందల ఏళ్ళ తర్వాత. పైగా ఆయనకి ఉన్నది మనం అనుకునే నత్తేనా, లేక ర అక్షరం పలకకపోవడమా అన్నది కూడా తేలదు. కానీ ఆ గులకరాళ్ళు మాత్రం రెండు వేల ఏళ్ళు దొర్లుకుంటూ మన ఇళ్ళదాకా వచ్చాయి. ఇప్పటికీ పిల్లల నోట్లో గోలీలు పెట్టి చదివించేవాళ్ళు ఉన్నారు. దయచేసి వద్దు. గొంతుకి అడ్డం పడితే ప్రాణం పోతుంది.

మన దగ్గర సుశ్రుతుడి గ్రంథంలో మూక, మిన్మిన, గద్గద అని మూడు రకాలు చెప్పారు. అసలు మాట రాకపోవడం, ముక్కుతో మాట్లాడటం, తడబడటం. శబ్దాన్ని మోసే నాళాలకి కఫంతో కూడిన వాయువు అడ్డుపడుతుందని వివరణ. మనం ఏడుపొచ్చినప్పుడు "గద్గద స్వరం" అంటాం చూడండి, అదే మాట. ఇళ్ళలోనైతే వస కొమ్ము. బాగా వాగేవాళ్ళని "వసపిట్ట" అంటాం కదా, మాటలు త్వరగా రావాలని పసిపిల్లల నాలుకకి వస అరగదీసి రాసే అలవాటు నుంచి వచ్చిందే. మా అమ్మమ్మ నాకు రెండుసార్లు రాసిందట, పని చేయలేదని మీకు అర్థమయ్యే ఉంటుంది. పిల్లల డాక్టర్లు ఇప్పుడు అది పెట్టొద్దనే చెప్తారు.

ఇవన్నీ ఫర్వాలేదు. 1841లో బెర్లిన్‌లో జరిగింది వింటే ఒళ్ళు జలదరిస్తుంది. యోహాన్ ఫ్రెడరిక్ డీఫెన్‌బాఖ్ మామూలు డాక్టర్ కాదు, ప్లాస్టిక్ సర్జరీకి దారి వేసినవాళ్ళలో ఒకడు. నాలుక కండరాలు బిగుసుకుపోవడం వల్లే నత్తి వస్తుందని ఆయన నమ్మకం. అందుకని నాలుక మొదట్లో అడ్డంగా కోసి ఒక ముక్క తీసేశాడు. మత్తు ఇవ్వడం అనేది అప్పటికి రాలేదు, ఈథర్ వచ్చింది 1846లో. పేషెంట్ మెలకువగానే ఉంటాడు. నోటి నిండా రక్తం, నొప్పి. ఆపరేషన్ అయ్యాక కొద్ది రోజులు నత్తి తగ్గినట్టు కనబడింది. ఎందుకు తగ్గదు? ఆ నాలుకతో ఎవడైనా ఎంత మెల్లగా, ఎంత జాగ్రత్తగా మాట్లాడతాడో ఊహించండి. వార్త పాకింది. ఫ్రాన్స్‌లో, ఇంగ్లండ్‌లో సర్జన్లు పోటీపడి కోశారు. కొందరు చనిపోయారు కూడా. నత్తి తిరిగొచ్చింది. ఆపరేషన్ ఎంత త్వరగా మొదలైందో అంత త్వరగా ఆగిపోయింది.

నాలుకని ఎందుకు అనుమానించకూడదో మన క్లాస్‌రూమ్‌లోనే రుజువు ఉంది. నత్తి ఉన్న పిల్లాడు క్లాసంతా కలిసి ఎక్కాలు చదువుతుంటే తడబడడు. పాట పాడితే తడబడడు. గదిలో ఒక్కడే ఉండి తనలో తాను మాట్లాడుకుంటే చాలావరకు తడబడడు. అదే నాలుక, అదే గొంతు, అవే మాటలు. నిలబెట్టి "నువ్వు చదువు" అంటే ఆగిపోతుంది. హార్డ్‌వేర్ పాడైతే పాటకి కూడా పాడవ్వాలి కదా! ఇప్పుడు మనకి తెలిసినంతలో ఇది మెదడులో మాటల టైమింగ్‌కి సంబంధించినది, కుటుంబాల్లో నడుస్తుంది. 2010లో అమెరికా శాస్త్రవేత్తలు పాకిస్తాన్ కుటుంబాలతో మొదలుపెట్టి నత్తితో సంబంధం ఉన్న మూడు జన్యువులని గుర్తించారు. పెద్దవాళ్ళలో సుమారు నూటికి ఒకరికి ఉంటుంది, మగవాళ్ళలో ఎక్కువ. చిన్నపిల్లల్లో నూటికి ఐదుగురికి ఏదో ఒక దశలో వచ్చి, ఎక్కువమందికి దానంతటదే పోతుంది. భయం వల్ల నత్తి రాదు. నత్తి వల్ల భయం వస్తుంది, ఆ భయం మళ్ళీ నత్తిని పెంచుతుంది. ఈ రెండో ముక్క మీద చేయగలిగింది చాలా ఉంది.

ఇప్పుడు మళ్ళీ లండన్. వెంబ్లీ తర్వాత ఏడాదికి, 1926 అక్టోబర్ 19న, బెర్టీ హార్లీ స్ట్రీట్‌లో 146 నంబర్ బిల్డింగ్‌కి వెళ్ళాడు. అక్కడ లయొనెల్ లోగ్ అనే ఆస్ట్రేలియన్ ఉన్నాడు. డాక్టర్ డిగ్రీ లేదు. ఎలొక్యూషన్ మాస్టారు, అంటే స్పష్టంగా మాట్లాడటం, పద్యాలు, నాటకాలు చదవడం నేర్పేవాడు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి గాయాలతో, విషవాయువు దెబ్బతో గొంతు పోయి తిరిగొచ్చిన సైనికులకి పెర్త్‌లో మళ్ళీ మాట నేర్పాడు. 1924లో లండన్ వచ్చి, ఖరీదైన డాక్టర్ల వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని బోర్డు పెట్టాడు. మన భాషలో చెప్పాలంటే డిగ్రీ లేకుండా పోర్ట్‌ఫోలియోతో జాబ్ కొట్టిన మనిషి.

లోగ్ చేసింది మంత్రం కాదు. పొట్టతో ఊపిరి తీయడం, కిటికీ తెరిచి అచ్చులు గట్టిగా పలకడం, నాలుక తిరగని వాక్యాలు మళ్ళీ మళ్ళీ చెప్పించడం. రోజూ ఇంటి దగ్గర గంట ప్రాక్టీస్. పద్నాలుగు నెలల్లో ఎనభైకి పైగా అపాయింట్‌మెంట్లు. నేను లెక్కేశాను, వారానికి ఒకటి కంటే ఎక్కువే. సినిమాలో చూపించినట్టు బూతులు తిట్టించాడనడానికి ఆధారం లేదు. రాజుగారిని "బెర్టీ" అని పిలిచాడనీ నమ్మకం లేదు, లోగ్ ఉత్తరాలన్నీ మహా మర్యాదగా ఉంటాయి. ఇంకో తేడా ఏంటంటే, సినిమాలో అంతా రాజయ్యే ముందు హడావిడిగా జరిగినట్టు ఉంటుంది. నిజానికి 1927 మే 9న కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియా పార్లమెంట్ భవనం ప్రారంభించినప్పుడే బెర్టీ మాట్లాడి నెగ్గుకొచ్చాడు. రాజయ్యేనాటికి ఆయన తొమ్మిదేళ్ళకి పైగా ప్రాక్టీస్ ఉన్న మనిషి.

లోగ్ మొదట్లోనే పెట్టిన షరతు ఒకటి నాకు చాలా ఇష్టం. ప్యాలెస్‌కి నేను రాను, మీరే నా గదికి రావాలి. రాజు కొడుకు మిగతా పేషెంట్లలాగే మెట్లెక్కి రావాలి. ఈ షరతుని చాలామంది లోగ్ పొగరు అనుకుంటారు. నాకు అలా అనిపించదు. రహస్యంగా, ప్యాలెస్ తలుపులు మూసి చేసే వైద్యం "ఇది సిగ్గుపడాల్సిన విషయం" అని ప్రతి రోజూ గుర్తుచేస్తుంది. మెట్లెక్కి రావడంతోనే ఆ దాచిపెట్టడం కొంత పోయింది.

ఈ దాచిపెట్టడం ఎంత నష్టం చేస్తుందో అదే రోజుల్లో అట్లాంటిక్ అవతల బయటపడింది, అదీ చాలా దారుణంగా. అమెరికాలోని అయోవా యూనివర్సిటీ అప్పట్లో నత్తి పరిశోధనకి అడ్డా. అక్కడ వెండెల్ జాన్సన్ అనే ప్రొఫెసర్ ఉండేవాడు. ఆయనకీ నత్తే. తన మీద తనే ప్రయోగాలు చేసుకున్నాడు, కుడిచేయి పక్కన పెట్టి అన్నీ ఎడమచేత్తో చేయడం కూడా ప్రయత్నించాడు. ఏదీ పని చేయక చివరికి ఒక ఆలోచనకి వచ్చాడు: పిల్లలందరూ మొదట్లో తడబడతారు, పెద్దవాళ్ళు దాన్ని "నత్తి" అని ముద్ర వేయడం వల్లే అది నిజంగా నత్తి అవుతుంది. ఆలోచన తప్పో ఒప్పో పక్కన పెట్టండి. దాన్ని పరీక్షించిన పద్ధతి చూడండి.

1939 జనవరి నుంచి మే వరకు, డావెన్‌పోర్ట్ ఊళ్ళోని అనాథాశ్రమంలో 22 మంది పిల్లలతో ప్రయోగం. చేసింది ఆయన స్టూడెంట్ మేరీ ట్యూడర్. అందులో ఆరుగురు మామూలుగా మాట్లాడే పిల్లలకి పనిగట్టుకుని చెప్పారు: మీకు నత్తి మొదలవుతోంది, ఎలాగైనా ఆపుకోండి, సరిగ్గా మాట్లాడగలిగితేనే నోరు తెరవండి అని. అమ్మానాన్న లేని పిల్లలు. తిరిగి అడిగేవాళ్ళు లేరు. కొన్ని నెలల్లో ఆ పిల్లలు మాట్లాడటం తగ్గించేశారు. ఒక్క మాటలో జవాబులు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం, క్లాసులో చదవమంటే నిరాకరించడం. తర్వాత ట్యూడర్ మళ్ళీ వెళ్ళి సరిచేయాలని చూసింది, కుదరలేదు. ఆ పరిశోధన జర్నల్లో రాలేదు, లైబ్రరీలో థీసిస్‌గా దుమ్ము పట్టింది. 2001లో ఒక పత్రిక బయటపెట్టింది. యూనివర్సిటీ క్షమాపణ చెప్పింది. 2007లో అయోవా రాష్ట్రం కోర్టు కేసులో 9,25,000 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అప్పటికి ఆ పిల్లలు ముసలివాళ్ళు, కొందరు లేరు.

2002లో ఆ డేటాని మళ్ళీ పరిశీలించినవాళ్ళు ఏం చెప్పారంటే, ఆ పిల్లలకి నిజంగా నత్తి వచ్చిందనడానికి సాక్ష్యం లేదు. అంటే జాన్సన్ సిద్ధాంతం నిలబడలేదు, ముద్ర వేస్తే నత్తి రాదు. కానీ మాట్లాడటం మానేశారు. నాకు ఈ కథలో నిద్ర పట్టనివ్వనిది ఇదే. "సరిగ్గా మాట్లాడగలిగితేనే మాట్లాడు" అన్న ఒక్క సూచన చాలు, మామూలుగా మాట్లాడే పిల్లల నోరు కూడా మూతపడటానికి. ఇదే మాట మన ఇళ్ళలో, స్కూళ్ళలో ఎన్నిసార్లు విన్నాం? "నిదానంగా చెప్పు", "ఆలోచించుకుని చెప్పు", "సరిగ్గా చెప్పలేకపోతే కూర్చో". ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు.

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో నాకిదే ఎదురైంది. ఒక కంపెనీ క్యాంపస్‌కి వచ్చింది. రిటన్ టెస్ట్‌లో నా పేరు లిస్టులో పైనుంచి మూడోది. తర్వాత జామ్ రౌండ్. తెలియనివాళ్ళకి, జామ్ అంటే జస్ట్ ఎ మినిట్, ఒక టాపిక్ ఇస్తారు, నిమిషం ఆగకుండా మాట్లాడాలి. ఆగకుండా! మొదటి రూల్ "ముందు నీ పేరు చెప్పు". నత్తి ఉన్నవాళ్ళకి అన్నిటికంటే కష్టమైన మాట సొంత పేరు, ఎందుకంటే దానికి పర్యాయపదం లేదు. ఆ నిమిషంలో పదిహేను సెకన్లు నా పేరుకే అయిపోయాయి. బయట వాళ్ళు రాసిన షీటులో "పూర్ కాన్ఫిడెన్స్" అని ఉంది. కాన్ఫిడెన్స్! నేను ఆ గదిలోకి నడిచి వెళ్ళడానికే ఎంత కావాలో వాళ్ళకి తెలియదు. ఫ్లూయెన్సీ వేరు, కాన్ఫిడెన్స్ వేరు. గడగడా మాట్లాడేవాళ్ళలో పిరికివాళ్ళు ఉంటారు, మాట మాటకీ ఆగేవాళ్ళలో ధైర్యస్థులు ఉంటారు. ఇంటర్వ్యూ షీటులో ఆ రెండింటికీ ఒకటే కాలమ్.

ఈ రెండింటినీ మొదట స్పష్టంగా విడదీసి చికిత్సగా మార్చినవాళ్ళలో ఒకడు చార్లెస్ వాన్ రైపర్. ఈయనా అయోవాలోనే చదివాడు, ఈయనకీ భయంకరమైన నత్తి. కుర్రతనంలో ఒక పొలంలో కూలీగా చేరి, మాట్లాడాల్సిన పని తప్పించుకోవడానికి చెవిటి మూగవాడిలా నటించాడు. తర్వాత ఒకసారి రోడ్డు మీద లిఫ్ట్ ఇచ్చిన ముసలాయన కూడా నత్తితోనే మాట్లాడాడట. కానీ ఆ ముసలాయన నత్తి మెత్తగా, తేలిగ్గా ఉంది. ఎలా అంటే, ఇక పోట్లాడే ఓపిక లేక మాటల్ని అలా కారిపోనిస్తున్నానన్నట్టు చెప్పాడట. వాన్ రైపర్ జీవితమంతా ఆ ముసలాయన్నే చికిత్సగా మార్చే పని చేశాడు. మిషిగన్‌లోని కలమజూలో 1936లో క్లినిక్ పెట్టాడు. వచ్చినవాళ్ళకి నత్తి లేకుండా మాట్లాడటం నేర్పలేదు. నత్తిగానే, కానీ బిగుసుకోకుండా, ముఖం తిప్పుకోకుండా మాట్లాడటం నేర్పాడు. కావాలని నత్తిగా మాట్లాడి రమ్మని కొట్లకి పంపేవాడు. పారిపోవడమే అసలు జబ్బు అన్నది ఆయన లెక్క. ఇప్పటికీ స్పీచ్ థెరపీలో ఒక పెద్ద పాయ ఈ దారిలోనే నడుస్తుంది. మన దగ్గర కావాలంటే, మైసూరులో 1965లో పెట్టిన ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. రెండూ కేంద్ర ప్రభుత్వానివే. "పది రోజుల్లో నత్తి మాయం" అని గోడ మీద నంబర్ రాసినవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి.

ఇక 1939 సెప్టెంబర్ 3. డావెన్‌పోర్ట్ ప్రయోగం ముగిసి మూడు నెలలు దాటింది. జర్మనీ మీద బ్రిటన్ యుద్ధం ప్రకటించిన రోజు. సాయంత్రం 6 గంటలకి రాజు రేడియోలో సామ్రాజ్యం మొత్తంతో మాట్లాడాలి. అన్న ఎనిమిదో ఎడ్వర్డ్ 1936 డిసెంబర్‌లో గద్దె వదిలేసి పోవడంతో బెర్టీ ఇప్పుడు రాజు. గదిలో రాజు, లోగ్, మైకు. పేపర్లో వచ్చిన ఫొటోలో రాజుగారు యూనిఫామ్‌లో దర్జాగా బల్ల దగ్గర కూర్చుని ఉంటారు. అది థంబ్‌నెయిల్. అసలు చదివింది నిలబడి.

ఆ ప్రసంగం కాగితం మీద లోగ్ పెన్సిల్ గీతలు ఉన్నాయి. ఎక్కడ ఆగాలో నిలువు గీతలు. కష్టమైన మాటలకి బదులు వేరే మాటలు: "గవర్నమెంట్" కొట్టేసి "అవర్‌సెల్వ్స్". గ శబ్దం చూశారా? అంటే పదమూడేళ్ళ ప్రాక్టీస్ తర్వాత కూడా, ప్రపంచ యుద్ధం మొదలైన రోజు కూడా, ఆయన చేతిలో మియాపూర్ టికెట్ ఉంది. వాన్ రైపర్ చూస్తే ఒప్పుకునేవాడు కాదేమో. నాకు మాత్రం ఆయన్ని తప్పుపట్టాలనిపించదు. ఆ రికార్డింగ్ ఇప్పటికీ దొరుకుతుంది, ఆరు నిమిషాల లోపే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మాటల మధ్య ఖాళీలు అలాగే ఉన్నాయి. 1925లో నరకంలా ఉన్న ఖాళీలే. కానీ ఇక్కడ ఆయన వాటిలో నుంచి పారిపోవడం లేదు, వాటి మీద కాలు మోపి తర్వాతి మాటకి వెళ్తున్నాడు. బాంబులు పడబోయే ఊళ్ళో ఉన్నవాళ్ళకి, భయపడుతూనే పూర్తి చేసే మనిషి గొంతు అది.

1944 డిసెంబర్‌లో హోమ్ గార్డ్ దళాన్ని రద్దు చేస్తూ ఇంకో రేడియో ప్రసంగం. అందులో "వెపన్స్" అనే మాట దగ్గర రాజు తడబడ్డాడు. అయిపోయాక లోగ్ అడిగాడు, ఆ అక్షరం దగ్గర ఏమైందని. రాజు నవ్వి, కావాలనే చేశానన్నాడట. ఎక్కడా తడబడకపోతే మాట్లాడింది నేనేనని జనం నమ్మరు అని. సినిమా వాళ్ళు ఈ జోకుని తీసుకెళ్ళి 1939 ప్రసంగం చివర పెట్టారు. సినిమాకి అది బాగుంది, కానీ నాకు అసలు తేదీయే ఇష్టం. ఇరవై ఏళ్ళ కిందట "కింగ్" అనలేక మాట మార్చుకున్న మనిషి తన నత్తి మీద తనే జోకేయడానికి అంత టైమ్ పట్టింది.

1951 సెప్టెంబర్‌లో ఆయనకి ఒక ఊపిరితిత్తి తీసేశారు. సిగరెట్లు బాగా తాగేవాడు. ఆ డిసెంబర్‌లో క్రిస్మస్ సందేశం లైవ్‌లో ఇచ్చే ఓపిక లేదు. మొదటిసారి ముందే రికార్డ్ చేశారు. ఊపిరి అందినంత మేర కొన్ని మాటలు చెప్పడం, ఆగడం, మళ్ళీ చెప్పడం. తర్వాత ఇంజనీర్లు ఆ ముక్కలన్నీ కలిపి అతికించారు. ఈసారి ఆగింది నత్తి వల్ల కాదు. ఆరు వారాలకి, 1952 ఫిబ్రవరి 6న, నిద్రలోనే పోయాడు. ఆ చివరి రికార్డింగ్ కూడా ఉంది, నేను ఎడిటింగ్ చేసేవాణ్ణి కదా, అతుకులు ఎక్కడున్నాయో వెతుకుతూ విన్నాను. కొన్ని చోట్ల ఊపిరి వినబడుతుంది.

ఈ ఎపిసోడ్ నిడివి మామూలు కంటే నాలుగు నిమిషాలు ఎక్కువ వచ్చింది. ఆ నాలుగు నిమిషాలు ఎక్కడివో మీకు తెలుసు. వచ్చే ఆదివారం కలుద్దాం.